పాత జీపు స్టీరింగ్‌లో ఆట ఎక్కడిది?

పాత సినిమాల్లో కథానాయకుడు కారు నడిపే దృశ్యం మీరు చూసే ఉంటారు. రోడ్డు తిన్నగా ఉంటుంది. అయినా ఆయన స్టీరింగ్‌ను ఎడమకూ కుడికీ తెగ తిప్పేస్తూ ఉంటాడు. మంచి కారును తిన్నని రోడ్డు మీద అలా తిప్పితే అది క్షణంలో పక్క పొలంలోకి దిగుతుంది! కారు స్టూడియోలో కదలకుండా నిలబడి, వెనక తెర మీద రోడ్డు మాత్రమే పరుగెత్తుతోంది కనుక సరిపోయింది.

అయితే అలాంటి దృశ్యం నిజంగా కనిపించే చోటు కూడా ఒకటుంది. బాగా వాడేసిన పాత జీపులో ముందు సీటులో కూర్చున్నప్పుడు డ్రైవరు చేతులను గమనించండి. రోడ్డు తిన్నగా ఉన్నా ఆయన చేతులు ఒక్క క్షణం ఊరుకోవు. కొంచెం ఎడమకు, కొంచెం కుడికి, మళ్ళీ ఎడమకు సర్దుతూనే ఉంటాయి. ఆ జీపులో స్టీరింగ్ కొంత దూరం ఊరికే తిరుగుతుంది. చక్రాలు మాత్రం కదలవు. దీన్నే మెకానిక్కులు "స్టీరింగ్‌కు ఆట ఉంది" అంటారు. "ప్లే ఉంది" అనడం కూడా వింటాం.

ఇంకొక రకం బండి ఉంటుంది. దాని స్టీరింగ్‌ను కొద్దిగా ముట్టుకుంటే చాలు, బండి చటుక్కున పక్కకు లాగేస్తుంది. మొదటిది మాట వినని బండి. రెండోది చెప్పకముందే పరుగెత్తే బండి. నడిపేవాడికి రెండూ ఒకేలా తోస్తాయి, ఎందుకంటే రెండింటిలోనూ బండి తిన్నగా పోదు. కాని రెండూ వేరు వేరు జబ్బులు, రెండింటికీ మందులు వేరు. మందు తారుమారైతే ఉన్న ప్రమాదం రెట్టింపవుతుంది. ఈ రెండు జబ్బుల వెనక ఉన్న విజ్ఞానం ఏమిటో, వాటిని ఎలా కనిపెట్టి నయం చేస్తారో ఇప్పుడు తెలుసుకుందాం.

జీపునే ఎందుకు ఎంచుకున్నాం?

జీపు యుద్ధం కోసం పుట్టిన బండి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1941లో, అమెరికాలో విల్లీస్ కంపెనీ దీన్ని సైన్యం కోసం పెద్ద సంఖ్యలో తయారు చేయడం మొదలుపెట్టింది. మన దేశంలో 1947 నుంచి మహీంద్రా కంపెనీ విల్లీస్ జీపులను బొంబాయిలో బిగించి అమ్మసాగింది. తర్వాత ఎన్నో సంవత్సరాల పాటు ప్రభుత్వ అధికారుల పర్యటనలకు, పొలం దారులకు, పాడేరు, అరకు వంటి ఏజెన్సీ ప్రాంతాల ఘాట్ రోడ్లకు జీపే దిక్కయింది.

మన పాఠానికి జీపు అనుకూలం కావడానికి ఇంకొక కారణం ఉంది. కొత్త కార్లలో స్టీరింగ్ భాగాలు చాలావరకు మూతల వెనక దాగి ఉంటాయి. పాత జీపులో మాత్రం బానెట్ ఎత్తి, వంగి చూస్తే కడ్డీలూ కీళ్ళూ చాలావరకు కంటికి కనబడతాయి.

చేతి నుంచి చక్రం దాకా

డ్రైవరు చెయ్యి స్టీరింగ్‌ను తిప్పుతుంది. ఆ కదలిక నేల మీది చక్రానికి ఎలా చేరుతుందో వరుసగా చూడండి.

స్టీరింగ్ చక్రం కింద ఒక పొడవైన ఇరుసు ఉంటుంది. దాని చివర ఇనుప పెట్టె ఒకటి. అదే స్టీరింగ్ బాక్సు. లోపల ఇరుసు చివరి భాగం మీద మరమేకుకు ఉన్నట్టు మెలితిరిగిన గాడి ఉంటుంది. ఆ గాడిలో ఒక మీటకు ఉన్న మొలలు కూర్చుని ఉంటాయి. స్టీరింగ్ తిప్పితే గాడి తిరుగుతుంది, మొలలు గాడి వెంట జరుగుతాయి, మీట నెమ్మదిగా ఒక పక్కకు ఒరుగుతుంది. స్టీరింగ్ సుమారు 14 డిగ్రీలు తిరిగితే మీట 1 డిగ్రీ మాత్రమే తిరుగుతుంది. దూరం తగ్గింది, బలం పెరిగింది. గునపంతో బండరాయిని కదిపినప్పుడు పనిచేసే సూత్రమే ఇక్కడా పనిచేస్తోంది.

బాక్సు బయట ఆ మీట ఇరుసుకు ఒక చెయ్యి తగిలించి ఉంటుంది. దాన్ని పిట్‌మన్ ఆర్మ్ అంటారు. అది ముందుకూ వెనక్కూ ఊగుతుంది. దానికి డ్రాగ్ లింకు అనే కడ్డీ, ఆ కడ్డీకి ముందు ఇరుసు మధ్యలో బిగించిన బెల్ క్రాంకు. ఈ బెల్ క్రాంకు ముందు వెనకల కదలికను కుడి ఎడమల కదలికగా మారుస్తుంది. దాని నుంచి రెండు టై రాడ్లు చెరొక చక్రం వైపు వెళతాయి. టై రాడ్డు లాగినప్పుడు చక్రం కింగ్ పిన్నుల చుట్టూ, తలుపు మడతబందుల చుట్టూ తిరిగినట్టుగా, తిరుగుతుంది.

ఇప్పుడు కీళ్ళను లెక్కపెట్టండి. బాక్సులో గాడి, మొల ఒకటి. డ్రాగ్ లింకు రెండు కొసలు కలిపి మూడు. బెల్ క్రాంకు ఇరుసు నాలుగు. టై రాడ్డు రెండు కొసలు కలిపి ఆరు. కింగ్ పిన్నులు ఏడు. చక్రం తిరిగే బేరింగులు ఎనిమిది. అంటే మీ చెయ్యి చెప్పిన మాట ఒక చక్రానికి చేరాలంటే ఎనిమిది చేతులు మారాలి!

చిన్న ఖాళీలు కలిస్తే

ఏ కీలైనా కదలాలంటే రెండు భాగాల మధ్య కొంచెం ఖాళీ తప్పదు. ఆ ఖాళీలో నూనె గానీ గ్రీజు గానీ పొరలా నిలిచి, ఇనుమును ఇనుము రాచుకోకుండా కాపాడుతుంది. బండి కొత్తగా ఉన్నప్పుడు ఈ ఖాళీ వెంట్రుక మందం కూడా ఉండదు. రానురాను గ్రీజు ఆరిపోతుంది. వాగు దాటినప్పుడు నీళ్ళు చేరతాయి. కీలు మీది రబ్బరు మూత చిరిగితే దుమ్ము దూరుతుంది. దుమ్ములోని ఇసుక రేణువులు ఆకురాయిలా లోహాన్ని అరగదీస్తాయి. ఖాళీ పెరిగిన కొద్దీ గతుకు వచ్చినప్పుడల్లా ఒక భాగం ఇంకొకదాన్ని సుత్తిలా కొడుతుంది. దాంతో అరుగుదల మరింత వేగం పుంజుకుంటుంది.

ఒక్కొక్క కీలు దగ్గర ఖాళీ చూస్తే చాలా తక్కువే. "ఇంతేగా" అనిపిస్తుంది. అవన్నీ కలిస్తే ఏమవుతుందో తెలుసుకోవాలంటే ఈ చిన్న ప్రయోగం చేయండి.

మందపాటి అట్టను 10 సెం.మీ. పొడవున్న ఐదు పట్టీలుగా కత్తిరించండి. కొసల్లో రంధ్రాలు చేసి, పట్టీలను ఒకదాని చివర ఒకటి వచ్చేలా చిన్న మేకులతో కలపండి. మొదట రంధ్రాలు మేకుకు సరిగ్గా సరిపోయేలా ఉండాలి. ఈ గొలుసును బల్ల మీద రెండు పొడవాటి స్కేళ్ళ మధ్య, పక్కలకు వంగకుండా, తిన్నగా పెట్టండి. ఒక కొసను పట్టుకుని ముందుకూ వెనక్కూ జరపండి. రెండో కొస వెంటనే కదులుతుంది. ఇప్పుడు నాలుగు కీళ్ళ దగ్గరా ఒక్కొక్క పట్టీ రంధ్రాన్ని 1 మిల్లీమీటరు చొప్పున పొడవుగా కోసి మళ్ళీ చేసి చూడండి. మీ చేతిలోని కొస సుమారు 4 మిల్లీమీటర్లు జరిగేదాకా రెండో కొస ఉలకదు, పలకదు! వెనక్కి లాగినప్పుడు కూడా అంతే.

జీపులో జరిగేది ఇదే. పైగా అక్కడ స్టీరింగ్ బాక్సు ఒకటి మధ్యలో ఉంది. చక్రం దగ్గర ఉన్న చిన్న కోణాన్ని అది డ్రైవరు చేతి దగ్గర 14 రెట్లు చేసి చూపిస్తుంది. బలాన్ని పెంచే యంత్రం ఆటను కూడా పెంచి చూపిస్తుందన్నమాట.

రెండు సెంటీమీటర్లతో కొంప మునుగుతుందా?

తిన్నగా పోయే బండిలో స్టీరింగ్ అంచు ఎడమకు 2 సెం.మీ., కుడికి 2 సెం.మీ. ఊరికే తిరుగుతోందనుకుందాం. ఇది పెద్ద లోపమా? లెక్క వేసి చూద్దాం.

స్టీరింగ్ చక్రం వ్యాసం 40 సెం.మీ. అనుకుంటే చుట్టుకొలత సుమారు 126 సెం.మీ. అందులో 2 సెం.మీ. అంటే 5.7 డిగ్రీలు. దాన్ని 14తో భాగిస్తే 0.4 డిగ్రీ వస్తుంది. డ్రైవరుకు తెలియకుండా, ఆయన ప్రమేయం లేకుండా, ముందు చక్రాలు అంత కోణంలో పక్కకు తిరగగలవు.

పాత జీపులో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం సుమారు 2 మీటర్లు. ముందు చక్రాలు 0.4 డిగ్రీ తిరిగి ఉంటే బండి సుమారు 290 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తంలో పోతుంది. గంటకు 60 కి.మీ. వేగంతో 2 సెకన్లలో అది 33 మీటర్లు ముందుకు వెళుతుంది. ఆ లోపల తిన్నని గీత నుంచి ఎంత పక్కకు జరుగుతుంది? 33ను 33తో గుణించి, వ్యాసార్ధానికి రెట్టింపైన 580తో భాగించండి. జవాబు దాదాపు 1.9 మీటర్లు! పెద్ద వృత్తంలో చిన్న చాపానికి ఈ సూత్రం సరిపోతుంది. టైర్లు పక్కకు జారడాన్ని ఇందులో లెక్కలోకి తీసుకోలేదు.

జీపు వెడల్పు సుమారు 1.6 మీటర్లు. అంటే డ్రైవరు రెండు సెకన్లు పరధ్యానంగా ఉంటే బండి తన వెడల్పు కంటే ఎక్కువ దూరం పక్కకు పోగలదు. ఎదురుగా లారీ వస్తున్న సన్నని రోడ్డును ఒక్కసారి ఊహించుకోండి.

మన దేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 98వ నియమం స్టీరింగ్ గురించి చెబుతుంది. స్టీరింగ్ చక్రం దగ్గర ఆట 30 డిగ్రీలు మించరాదనీ, బాల్ జాయింట్లకు రబ్బరు మూతలు ఉండాలనీ, బోల్టులూ పిన్నులూ ఊడకుండా లాకు చేసి ఉండాలనీ అందులో ఉంది. మన 40 సెం.మీ. చక్రం మీద 30 డిగ్రీలు అంటే సుమారు పదిన్నర సెంటీమీటర్లు. మన లెక్కలో ఎడమ, కుడి కలిపి నాలుగు సెంటీమీటర్లే తీసుకున్నాం. అంటే చట్టం చెప్పింది దాటకూడని కడపటి గీత మాత్రమే. మంచి మెకానిక్కు ఆ గీతకు ఎంతో ముందే ఆగుతాడు.

దొంగను పట్టుకోవడం

ఎనిమిది చోట్లలో ఆట ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? దీనికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. ఇద్దరు మనుషులు చాలు.

బండిని చదునైన నేల మీద నిలిపి, ఇంజను ఆపి, చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెడతారు. ఒకరు స్టీరింగ్‌ను కొద్దిగా ఎడమకూ కుడికీ ఆడిస్తూ ఉంటారు. రెండోవారు స్టీరింగ్ బాక్సు దగ్గర నుంచి చక్రం దాకా ఒక్కొక్క కీలునే చూస్తూ పోతారు. కీలుకు ఇటువైపు కడ్డీ కదులుతోంది, అటువైపు కడ్డీ కదలడం లేదు. అంటే కదలిక ఆ కీలులోనే చచ్చిపోతోంది. దొంగ దొరికాడు! కంటికి ఆననంత చిన్న ఆట అయితే కీలు మీద వేలు ఆనిస్తే టక్‌టక్ మని తగులుతుంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒక దొంగ దొరకగానే వెతకడం ఆపేయడం. బండిలో దొంగలు సాధారణంగా ముఠాగా ఉంటారు. కనుక చివరిదాకా చూడాలి. స్టీరింగ్ బాక్సును చట్రానికి పట్టి ఉంచే బోల్టులను కూడా చూడాలి. అవి వదులైతే లోపల మరలన్నీ బాగున్నా బాక్సే మొత్తంగా ఊగుతుంది. పాత విల్లీస్ నమూనా జీపుల్లో బెల్ క్రాంకు ఇరుసు తరచుగా అరుగుతుంది. రోడ్డు మీది బురద, దుమ్ము నేరుగా వచ్చి పడే చోట అది ఉంటుంది కదా!

చివరి రెండు కీళ్ళ సంగతి చూడాలంటే ముందు చక్రాన్ని జాకీతో లేపి, ఇరుసు కింద గట్టి స్టాండు పెట్టాలి. టైరును పైనా కిందా పట్టుకుని ఊపితే కొంత ఆట కనబడిందనుకోండి. అది చక్రం బేరింగులదా, కింగ్ పిన్నులదా? మెకానిక్కులు ఇక్కడ ఒక చక్కని ఉపాయం చేస్తారు. ఇంకొకరిని బ్రేకు తొక్కమని, మళ్ళీ ఊపి చూస్తారు. బ్రేకు తొక్కినప్పుడు చక్రమూ దాని వెనక పలకా ఒకదాన్నొకటి బిగించి పట్టుకుంటాయి. అప్పుడు ఆట పోతే లోపం బేరింగులది. ఆట అలాగే ఉంటే లోపం కింగ్ పిన్నులది. ఒక్క మార్పు చేసి, రెండు కారణాలను విడదీశారు. ప్రయోగశాలలో శాస్త్రజ్ఞులు చేసేది కూడా ఇదే కదా!

ఒక హెచ్చరిక: జాకీ మీద మాత్రమే నిలబడిన బండి కిందికి ఎవరూ, ఎంత అనుభవం ఉన్నవారైనా, దూరకూడదు. మీరు బయట నిలబడి చూడండి. పని పెద్దలది.

ఆ ఒక్క స్క్రూ బిగిస్తే సరిపోదా?

స్టీరింగ్ బాక్సు పక్కన లాకు నట్టుతో ఒక స్క్రూ ఉంటుంది. దాన్ని తిప్పితే లోపలి మొలలు గాడిలోకి మరింత లోతుగా దిగుతాయి, ఆట తగ్గుతుంది. ఐదు నిమిషాల పని, ఖర్చు లేదు. అందుచేత తొందరపడేవారు మొదట ఈ స్క్రూనే బిగిస్తారు. స్టీరింగ్ వెంటనే గట్టిపడుతుంది. యజమాని సంతోషంగా వెళ్ళిపోతాడు. అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది.

కారణం ఇది. బండి ఎక్కువ కాలం తిన్నగానే పోతుంది. కనుక గాడి మధ్యభాగం ఎక్కువ అరుగుతుంది, రెండు చివరలూ తక్కువ అరుగుతాయి. ఇది ముందే తెలిసి, తయారు చేసేవారు గాడిని మధ్యలో కొంచెం ఇరుకుగా చేస్తారు. ఆ ఇరుకు కొంతవరకు అరుగుదలను ఓర్చుకుంటుంది. కాని మధ్యభాగం బాగా అరిగిన తర్వాత అక్కడి ఆటంతా పోయేలా స్క్రూ బిగిస్తే, మలుపులో మొలలు అరగని చివరలకు వెళ్ళి బిగుసుకుంటాయి. ఘాట్ రోడ్డు మలుపు తిరిగాక స్టీరింగ్ తిరిగి రానని మొరాయిస్తుంది. వదులు స్టీరింగ్ కంటే బిగుసుకుపోయే స్టీరింగ్ మరింత ప్రమాదకరం.

ఇంకొక చిక్కు కూడా ఉంది. ఆట నిజానికి టై రాడ్డు కొసలో ఉందనుకోండి. బాక్సు బిగిస్తే చేతికి తెలిసే ఆట తగ్గుతుంది, కీలు మాత్రం అరుగుతూనే ఉంటుంది. జ్వరం తగ్గించే మాత్ర వేసి, జబ్బును లోపల వదిలేసినట్టే. ఒకనాడు ఆ కీలు ఊడిపోతే చక్రం దాని ఇష్టం వచ్చిన దిక్కుకు తిరుగుతుంది.

అందువల్ల బాక్సు స్క్రూ వంతు ఎప్పుడూ చివరిదే. మిగతా కీళ్ళన్నీ బాగుచేసిన తర్వాత, డ్రాగ్ లింకును విప్పి, స్టీరింగ్‌ను సరిగ్గా మధ్యలో ఉంచి, కొంచెం కొంచెంగా బిగిస్తారు. తర్వాత స్టీరింగ్‌ను ఒక చివర నుంచి ఇంకొక చివర దాకా తిప్పి చూస్తారు. మధ్యలో చిన్న పట్టు తగలాలి, ఎక్కడా బిగుసుకోకూడదు. ఆ పట్టు దొరకకపోతే గాడి, మొలలు మార్చవలసిందే.

ముట్టుకుంటే పక్కకు లాగే బండి

ఇక రెండో జబ్బు. ఇక్కడ కీళ్ళన్నీ గట్టిగా ఉన్నా బండి నిలకడగా పోదు. దీని రహస్యం కోణాల్లో ఉంది.

మీ సైకిలును తీసుకోండి. హ్యాండిలు తిరిగే గొట్టం నిటారుగా ఉండదు, వెనక్కి వాలి ఉంటుంది. ఆ గొట్టం వెంబడి ఒక తిన్నని కర్రను పట్టి, అది నేలను ఎక్కడ తాకుతుందో సుద్దముక్కతో గుర్తు పెట్టండి. టైరు నేలను తాకే చోటును కూడా గుర్తించండి. టైరు గుర్తు కర్ర గుర్తుకు వెనక ఉంటుంది. బండి ముందుకు పోతున్నప్పుడు చక్రం తన అక్షం వెనక ఈడ్చుకుంటూ వస్తుంది. అది పక్కకు తిరిగితే నేల ఘర్షణ దాన్ని మళ్ళీ తిన్నగా లాగుతుంది. ఆసుపత్రిలో మందుల బండి చక్రాలు మీరు తోసిన దిక్కుకు తిరగడం కూడా ఇందువల్లనే.

మోటారు బండిలో కింగ్ పిన్ను అక్షం ఇలా వెనక్కి వాలడాన్ని కాస్టర్ అంటారు. పాత జీపులో ఇది 3 డిగ్రీలు. టైరు వ్యాసార్ధం 36 సెం.మీ. అనుకుంటే ఆ రెండు గుర్తుల మధ్య దూరం 2 సెం.మీ.కు కొంచెం తక్కువే ఉంటుంది. కాని మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతట అది తిన్నగా రావడానికి ఈ చిన్న దూరం ఎంతో సాయపడుతుంది. ఈ కోణం తగ్గితే చక్రాలకు తిన్నగా ఉండాలన్న పట్టింపు పోతుంది. ప్రతి గతుకూ, ప్రతి చిన్న చేతి కదలికా బండిని పక్కకు తోస్తుంది.

కాస్టర్ ఎందుకు తగ్గుతుంది? ముందు కమాను పట్టీలు కుంగినా, వెనక ఎక్కువ పట్టీలు వేసి తోకభాగాన్ని లేపినా బండి ముందుకు వాలుతుంది. బండితో పాటు కింగ్ పిన్ను అక్షమూ ముందుకు వాలుతుంది. సరైన మందు కుంగిన పట్టీలను మార్చడం. అవసరమైతే కమానుకూ ఇరుసుకూ మధ్య ఏటవాలు పలకలు పెట్టి కోణాన్ని సరిచేస్తారు.

రెండవ కోణం టో ఇన్. పైనుంచి చూస్తే ముందు చక్రాలు రెండూ కొంచెం లోపలికి చూస్తున్నట్టు ఉండాలి. టైర్ల నడిమి గీతల మధ్య దూరాన్ని ముందువైపూ వెనకవైపూ కొలిస్తే, ముందువైపు కొలత కొంచెం తక్కువ రావాలి. పాత జీపులో ఈ తేడా సుమారు 1 నుంచి రెండున్నర మిల్లీమీటర్లు మాత్రమే. బండి కదిలినప్పుడు రోడ్డు ఘర్షణ చక్రాలను బయటికి తెరవాలని చూస్తుంది. ముందే కొంచెం లోపలికి తిప్పి ఉంచితే అవి నడకలో దాదాపు సమాంతరంగా వస్తాయి. టై రాడ్డు వంగి, చక్రాలు బయటికి చూస్తున్నాయనుకోండి. అప్పుడు ఒక చక్రం ఎడమకు, ఇంకొకటి కుడికి పోదామంటుంది. ఏ చక్రం మీద బరువు ఎక్కువ పడితే దాని మాట నెగ్గుతుంది. గతుకు గతుకుకూ బరువు మారుతుంది కనుక బండి అటూ ఇటూ ఉలికిపడుతుంది.

వెనక చక్రాలకు కూడా ఇందులో భాగముంది. వెనక కమాన్ల యు బోల్టులు వదులైతే, మధ్య బోల్టు విరిగితే వెనక ఇరుసు కొంచెం వంకరగా జరుగుతుంది. అప్పుడు వెనకనుంచి ఎవరో స్టీరింగ్ తిప్పుతున్నట్టే ఉంటుంది. వెనక టైర్లలో గాలి తగ్గినా బండి తోక ఊపుతుంది.

మరికొన్ని బండ్లకు ఈ జబ్బును యజమానులే కొనితెస్తారు. అందం కోసం చిన్న స్టీరింగ్ చక్రం వేయిస్తారు. 40 సెం.మీ. చక్రం స్థానంలో 32 సెం.మీ.ది వేస్తే, ఇదివరకు 5 సెం.మీ. చేతి కదలికతో జరిగిన పని ఇప్పుడు 4 సెం.మీ.కే జరిగిపోతుంది. తిప్పడానికి బలం ఎక్కువ కావాలి, కదలిక మాత్రం తక్కువ చాలు. ఇంకొందరు బండి ఎత్తుగా కనబడాలని ముందు కమాన్లు పెంచుతారు. అప్పుడు డ్రాగ్ లింకు ఏటవాలుగా నిలబడుతుంది. గతుకులో ఇరుసు పైకి లేచినప్పుడు కడ్డీ కొస ఒక చాపంలో, ఇరుసు ఇంకొక చాపంలో కదులుతాయి. రెండు చాపాలూ కలవవు. ఫలితంగా డ్రైవరు చెయ్యి కదపకపోయినా చక్రాలు పక్కకు తిరుగుతాయి.

ఏది ముందు, ఏది వెనక?

అనుభవం ఉన్న మెకానిక్కు చేతిలో పని ఒక వరుసలో సాగుతుంది. మొదట నాలుగు టైర్లలో గాలి, వాటి అరుగుదల. తర్వాత చక్రం బేరింగులు, కింగ్ పిన్నులు. కింగ్ పిన్ను మూత కింద పలుచని రేకులు ఉంటాయి. వాటిని తీసి ఆటను సరిచేస్తారు. తర్వాత టై రాడ్లు, బెల్ క్రాంకు, డ్రాగ్ లింకు. తర్వాత కమాన్లు, యు బోల్టులు. ఆపైన బాక్సు బోల్టులు, అన్నిటికీ చివర బాక్సు స్క్రూ. ఇవన్నీ గట్టిపడ్డాకనే కాస్టర్, టో ఇన్ కొలుస్తారు. వదులు కీళ్ళతో కోణాలు కొలిస్తే, ఊగుతున్న బల్ల మీద త్రాసు పెట్టి తూచినట్టే ఉంటుంది.

రెండు పనులు మాత్రం చేయకూడదు. విప్పిన స్ప్లిట్ పిన్నును మళ్ళీ వాడకూడదు. ఒకసారి వంచి తీసిన పిన్ను మరోసారి వంచితే విరగవచ్చు. దాని ఖరీదు అతి స్వల్పం, కాని నట్టు ఊడకుండా కాపాడేది అదే. అలాగే అరిగిన, వంగిన స్టీరింగ్ చేతులకు వెల్డింగ్ పెట్టించకూడదు. అవి ప్రత్యేకంగా వేడిచేసి గట్టిపరచిన ఉక్కుతో చేసినవి. వెల్డింగ్ వేడికి ఆ గట్టిదనం చెడుతుంది. పైకి బాగానే కనబడి, ఒకనాడు గతుకులో పుటుక్కున విరుగుతాయి. ఇంజను చెడితే బండి ఆగిపోతుంది. స్టీరింగ్ చెడితే బండి ఆగదు, అదే తేడా.

ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోండి. స్టీరింగ్‌లో ఆట ఒక్కరోజులో రాదు. రోజుకు ఇంత చొప్పున పెరుగుతుంది, డ్రైవరు చేతులు తెలియకుండానే దానికి అలవాటు పడతాయి. అందుకే ఎంతో కాలంగా ఆ బండి నడుపుతున్నవారు "నా బండికేం, బంగారంలా ఉంది" అంటారు. కొత్తవాడు కూర్చుంటే భయపడి దిగిపోతాడు. అలవాటు మనిషిని మోసం చేస్తుంది, కొలబద్ద మోసం చేయదు. మీ ఇంట్లోగానీ బంధువుల ఇంట్లోగానీ పాత బండి ఉంటే, పెద్దల అనుమతితో, ఇంజను ఆపి ఉన్నప్పుడు స్టీరింగ్ అంచుకు ఒక స్కేలు ఆనించి పట్టుకోండి. ముందు చక్రం కదలకుండా ఆ అంచు ఎన్ని సెంటీమీటర్లు తిరుగుతుందో కొలిచి, తేదీతో రాసి పెట్టండి. ఆరునెలల తర్వాత మళ్ళీ కొలవండి. ఆ రెండు అంకెలు పక్కపక్కన కనబడితే ఇంట్లో ఎవరినీ ఒప్పించవలసిన పని ఉండదు. (పవర్ స్టీరింగ్ ఉన్న బండిలో ఇంజను ఆపి కొలిస్తే లెక్క సరిగా రాదు. దాన్ని మెకానిక్కుకే వదలండి.)

ఆలోచించి చెప్పండి

1. స్టీరింగ్ చక్రం వ్యాసం 42 సెం.మీ. నియమం ఒప్పుకునే 30 డిగ్రీల ఆట ఆ చక్రం అంచు మీద ఎన్ని సెంటీమీటర్లు?

2. టైరును పైనా కిందా పట్టి ఊపినప్పుడు ఆట కనబడింది. బ్రేకు తొక్కినా ఆ ఆట పోలేదు. ఏ భాగాన్ని అనుమానించాలి?

3. మన లెక్కలో గంటకు 60 కి.మీ. బదులు 30 కి.మీ. వేగం తీసుకుంటే, అదే 2 సెకన్లలో బండి ఎంత పక్కకు జరుగుతుంది? వేగం సగమైతే జరిగే దూరం కూడా సగమే అవుతుందా? లెక్క వేసి చూడండి. పాత బండిని నెమ్మదిగా నడపమని పెద్దలు ఎందుకంటారో ఆ జవాబే చెబుతుంది.